బాల్కనీ బ్యాచి మార్కులు

"నేరం జరిగింది ఇంటర్వెల్లో. సినిమా ముగిసేసరికే డిటెక్టివ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మీ వేగాన్ని మెచ్చుకోవాలి రాజుగారూ," అంది భ్రమరాంబ.

కృష్ణంరాజు నల్ల కళ్ళద్దాలు తీయకుండానే నవ్వాడు. థియేటరు యజమాని గదిలో ఉన్నది ఒకే ఒక్క ట్యూబులైటు, అదీ మినుకుమినుకుమంటోంది. అయినా అద్దాలు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు విశాఖపట్నంలో లేరు. మధురవాడలో ఏసీ ఆఫీసు, గుమ్మంలో ఇత్తడి బోర్డు, ముగ్గురు అసిస్టెంట్లు ఉన్న డిటెక్టివ్ ఆయన. అదే పని చేసే భ్రమరాంబకి ఉన్నదల్లా వన్ టౌన్‌లో అపరాల హోల్‌సేల్ కొట్టు పైన ఒక గది. బోర్డు కూడా కొట్టువాడిదే, అడుగున చిన్న అక్షరాలతో ఆమె పేరు ఉంటుంది.

"మెచ్చుకోనక్కర్లేదండి. కేసు తేలిపోయింది. ఎండలో పడి వచ్చారు కాబట్టి ఓ సోడా తాగి వెళ్ళండి," అన్నాడు ఆయన.

"తేలిందేమిటో చెప్పండి. సోడా తాగుతూ వింటాను."

కృష్ణంరాజు కాలు మీద కాలు వేసుకున్నాడు. ఈ జలధి థియేటర్లో ఈ పొద్దున్నే విడుదలైన చిన్న సినిమా పేరు ‘మూడో లంగరు’. తీసినవాడు ఈ ఊరి కుర్రాడు అనిరుధ్, అతనికిదే మొదటి సినిమా. రేవులో ఒక హత్య జరుగుతుంది, హంతకుడెవరో ఆఖరి సీన్లో గానీ తెలియదు. అలాంటి సినిమాకి, ఇంకా ఇంటర్వెల్ కూడా దాటకుండానే, ‘బాల్కనీ బ్యాచి’ అనే పేజీలో ఒక పోస్టు వచ్చింది. ఊళ్ళో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళంతా శుక్రవారం ఆ పేజీలో మార్కులు చూసి గానీ టిక్కెట్టు కొనరు.

ఆయన తన ఫోను ఆమె ముందుకు తోశాడు. ‘చంపింది డాక్టరు. మిగతాదంతా సాగదీత. పదికి మూడు.’ పోస్టు పడ్డ టైము పన్నెండూ నలభై.

"కింద బోలెడు కామెంట్లున్నాయే," అంది భ్రమరాంబ.

"నిజమని కొందరు, అబద్ధమని కొందరు, మధ్యలో హీరోల పేర్లెత్తి తిట్టుకునేవాళ్ళు కొందరు. వాళ్ళలో సినిమా చూసి రాసినవాడెవడో చూడకుండా రాసినవాడెవడో ఎవరికి తెలుస్తుందండి? అవి వదిలేయండి. పేజీ పాస్‌వర్డు తెలిసింది దాన్ని నడిపే మధులత ఒక్కదానికే. ఆ అమ్మాయికీ అనిరుధ్‌కీ పాత తగాదా ఉంది. అతనూ ఒకప్పుడు ఈ బ్యాచిలోవాడే, కథ ఆ రోజుల్లోనే చెప్పి ఉంటాడు. అతను తీసిన షార్ట్ ఫిల్ముకి ఈ అమ్మాయి నాలుగు మార్కులిచ్చింది. అతను లేచి వెళ్ళిపోయాడు."

"నాలుగు మార్కులకే?"

"పదికండి," అన్నాడు కృష్ణంరాజు గంభీరంగా.

బల్ల అవతల థియేటరు యజమాని అర్జునరావు నిట్టూర్చాడు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, వేలికి రాళ్ళ ఉంగరం. "నాకెవరి మీదా కక్ష లేదమ్మా. వారం ఆడిస్తానని ఆ కుర్రాడికి మాటిచ్చాను, నిజమే. కానీ బుక్ చేసుకున్నోళ్ళు కేన్సిల్ చేసేత్తన్నారు. పోయిన వారం వచ్చిన పెద్ద హీరో బొమ్మ పక్క హాళ్ళలో నిండిపోతోంది. రేపట్నుంచి అదే వేసుకుంటాను. ఆరింటికి ఫస్ట్ షో. ఆలోగా ఆ పిల్ల తప్పొప్పుకుని కాయితం రాసిస్తే సరేసరి. లేపోతే స్టేషనుకెళ్ళి కంప్లయింటు ఇస్తాను."

"పోస్టు పడ్డప్పుడు మీరెక్కడున్నారండీ?"

"హాల్లోనే. ఊరి కుర్రాడి బొమ్మ కదా అని, పేర్లు పడ్డ దగ్గర్నుంచి ఆఖరిదాకా వెనక తలుపు కాడ నిలబడి చూశాను. ఇంటర్వెల్లో కూడా కదల్లేదు."

భ్రమరాంబ తలూపి సోడా తాగేసింది. లేస్తూ గది నాలుగు మూలలూ చూసింది. గోడవారన చిన్న బల్ల మీద పాత కంప్యూటరు ఉంది. తలుపుకి గొళ్ళెం కూడా సరిగ్గా లేదు.

*

బాల్కనీ మెట్ల మీద నలుగురు వరసగా కూర్చునున్నారు. భ్రమరాంబని బైకు మీద ఎక్కించుకుని తెచ్చిన సాయిశంకర్ లేచి నిలబడ్డాడు. ఆటోనగర్లో అతనికి లేతు షెడ్డుంది. పై మెట్టు మీద మధులత, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇరవయ్యారేళ్ళ పిల్ల. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టు ముందు జుట్టంతా తడిసి ఉంది. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నది బ్యాంకులో పనిచేసే నాగశ్రీ. నాలుగో మనిషి గంగాలమ్మ. ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపలు అమ్మే గంగాలమ్మ శుక్రవారం పొద్దున మాత్రం బుట్ట కోడలికి వదిలేసి సినిమాకి వస్తుంది. ఆమె కూర్చున్నది మెట్టు మీద కాదు, మెట్టు మీద పెట్టిన ఎర్ర సంచీ మీద.

"ఆ సంచీలో ఏముందమ్మా?" అని అడిగింది భ్రమరాంబ.

"ఫోన్లు."

"ఎవరివి?"

"అందరియీని. బొమ్మ మొదలవకముందే నాకిచ్చీయాల. మార్కులయ్యాకే ఇత్తాను. లేపోతే ఈళ్ళు ఏటి సేత్తారో తెల్సా? ఊరోళ్ళు ఏటి రాసినారో సూసుకుని ఆటికి తగ్గట్టు మార్కులేత్తారు. అదీ ఒక మార్కేటి?"

"మరి ఇంకా తిరిగివ్వలేదే?"

"మార్కులెక్కడయినాయి? బొమ్మయ్యీసరికి ఆ నల్లకళ్ళజోడు బాబొచ్చి గోలెట్టీసినాడు. ముందు సిన్నోళ్ళు సెప్పాల, ఆఖర్న పెద్దోళ్ళు సెప్పాల. ఒకళ్ళు సెప్తన్నప్పుడు ఇంకోళ్ళు నోరు తెరవకూడదు. మా పద్దతది. గోలలో ఎలగ సెప్తాం?"

"ఇంటర్వెల్లో సంచీ ఎక్కడుంది?"

"నా కిందే. బొమ్మయ్యీదాకా నాను దీని మీంచి లెగనేదు. పకోడీలు కూడా ఈ సాయిశంకరమే తెచ్చిచ్చినాడు."

"పిన్ని లెగిస్తే వెనకున్నోళ్ళకి తెర కనపడదు. అందుకే లెగనివ్వం," అన్నాడు సాయిశంకర్.

"నీ లేతు మిషను మీద నాలిక పెట్టి నున్నగా తోయించుకోరా," అంది గంగాలమ్మ. మధులత కూడా నవ్వింది.

భ్రమరాంబ ఆ నవ్వు ఆగేదాకా ఆగింది. "సరే. సినిమాలో చంపిందెవరు?"

నాగశ్రీ చెప్పుల వైపు చూసింది. సాయిశంకర్ తల గోక్కున్నాడు.

"నువ్వు సూసినావా బొమ్మ?" అని అడిగింది గంగాలమ్మ.

"లేదు."

"అయితే నాను సెప్పను."

"ఆరింటికి ఈ అమ్మాయి మీద కంప్లయింటు ఇస్తారట."

"దానికీ దీనికీ ఏటి సమ్మందం? ఈ గుంట కోసం స్టేషన్లో రాత్రంతా కూకోమన్నా కూకుంటాను. సూడనోళ్ళకి ఆ పేరు మాత్రం సెప్పను. ఆ కళ్ళజోడు బాబుకీ సెప్పనేదు."

భ్రమరాంబ మధులత వైపు తిరిగింది. "నువ్వు ఆ పోస్టు చదివావా?"

"లేదండీ. రాజుగారు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టారు. నేను కళ్ళు మూసుకున్నాను."

"ఎందుకు?"

"ఇంకా మార్కివ్వలేదు కదండీ. ముందే ఇంకొకళ్ళ అభిప్రాయం చదివితే..." అని మధులత ఆగిపోయింది. తను చెబుతున్నది తనకే ఎలాగో వినిపించింది కాబోలు, ముఖం పక్కకి తిప్పుకుంది.

భ్రమరాంబకి నవ్వూ వచ్చింది, జాలీ కలిగింది. సినిమా చూసిన నలుగురూ పోస్టు చదవలేదు. పోస్టు చదివిన కృష్ణంరాజు సినిమా చూడలేదు. ఆ పోస్టులో రాసింది నిజమా అబద్ధమా అన్న చిన్న ప్రశ్న పొద్దున్నుంచీ ఇక్కడ ఎవరి నోటా రాలేదు. ఇప్పుడు చదివి వినిపించి, వీళ్ళు అబద్ధమన్నా ప్రయోజనం ఉండదు. నిందితురాలి స్నేహితుల మాట కృష్ణంరాజు చెవిన పెట్టడు.

"ఫోను సంచీలో ఉంటే మార్కులు పేజీలో ఎలా పెడతావమ్మా?"

"అర్జునరావుగారి గదిలో కంప్యూటరుందండీ. పిన్ని ఎవరి ఫోను ఎవరిదో తేల్చి ఇచ్చేసరికి ఆలస్యమవుతుంది. అందుకని ప్రతి శుక్రవారం అక్కణ్ణుంచే పెడతాను."

"పని కాగానే లాగౌట్ చేస్తావా?"

మధులత నాలిక కరుచుకుంది.

*

గదిలో ఆ కంప్యూటరు ముందు భ్రమరాంబ నిలబడే మీటలు నొక్కింది. బాల్కనీ బ్యాచి పేజీ తెరుచుకుంది. పాస్‌వర్డు అడగలేదు. కొత్త పోస్టు రాసే చోటు ఖాళీగా ఎదురుచూస్తోంది.

"చూశారా రాజుగారూ? ఈ గదిలోకి వచ్చినవాళ్ళెవరైనా ఇక్కడ కూర్చుని రాయొచ్చు. పాస్‌వర్డుతో పని లేదు."

కృష్ణంరాజు నొచ్చుకుంటాడనుకుంది. ఆయన కుర్చీలోంచి లేచి ఆమెకి నమస్కారం పెట్టాడు.

"ధన్యవాదాలండి. ఫోను సంచీలో ఉండగా ఎలా రాసిందా అని నాకూ ఒక చిక్కుముడి ఉండిపోయింది. మీరే విప్పారు. ఇంటర్వెల్లో ఆ అమ్మాయి కిందికి దిగింది. కౌంటరు కుర్రాళ్ళు చూశారు. ముఖం కడుక్కోడానికి అంటోంది. ఆ కుళాయి ఎక్కడుందో తెలుసా? ఈ గది పక్కనే."

భ్రమరాంబకి తను తవ్విన గోతిలో ఆ పిల్లనే దింపినట్టయింది.

"ఒక్క మాట చెప్పండి. మీరు ఈ సినిమా ఎందుకు చూడలేదు?"

"ఎవరు చంపారో తెలిశాక చూడ్డమెందుకండి?"

"డాక్టరే చంపాడని మీకెవరు చెప్పారు?"

"పోస్టులో ఉంది కదా."

"పోస్టులో ఉంది," అంది భ్రమరాంబ. గోడ గడియారంలో రెండున్నర కావస్తోంది. మ్యాట్నీకి గంట మోగింది.

*

టిక్కెట్టు కౌంటరు కుర్రాడు ఎన్ని అని అడిగాడు.

"రెండు. బాల్కనీ."

డబ్బులిచ్చి, టిక్కెట్లు చేతికొచ్చాక గానీ తను రెండు అడిగిందని ఆమెకి తెలియలేదు. ఒకటి తిరిగిచ్చేద్దామని చెయ్యి సగం చాపింది. వెనక మనుషులున్నారు. రెండూ పర్సులో పెట్టుకుని మెట్లెక్కింది.

ఆమె భర్త గంగాధరరావు పోర్టులో క్రేను నడిపేవాడు. డ్యూటీ ఎప్పుడు దిగినా కొత్త సినిమా మాత్రం తప్పనిచ్చేవాడు కాదు. బయటికొస్తూ ఆమెని ముందు మార్కు చెప్పమని, తను ఎప్పుడూ దానికి ఒకటి కలిపి చెప్పేవాడు. ఆమె రెండు అంటే మూడు, ఎనిమిది అంటే తొమ్మిది. అంత కష్టపడి తీశారు కదా అనేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆ తరువాత ఆమె థియేటరు గడప తొక్కడం ఇదే.

హాలు సగం కూడా నిండలేదు. పేర్లు పడుతుండగా, ముఖానికి కర్చీఫు కట్టుకున్న కుర్రాడు ఒకడు చీకట్లో వరస వెంట వచ్చి ఆమె పక్కన ఆగాడు.

"ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?"

ఆమె పక్క సీటు మీద పెట్టిన పర్సు వైపు చూసింది. కాసేపయ్యాక పర్సు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లేరు. కూర్చో."

సినిమా బాగానే నడిచింది. మొదటి పాటలో ఆమె మనసు ఎటో వెళ్ళింది గానీ, రేవులో శవం దొరికాక మళ్ళీ తెర మీదికి వచ్చింది. వచ్చాక ఇంకో సంగతి గమనించింది. పక్క కుర్రాడు తెర వైపు చూడటం లేదు. ముందు వరసల్లో జనం ముఖాలు చూస్తున్నాడు. ఎవరైనా నవ్వితే ఊపిరి వదులుతున్నాడు. ఎవరైనా ఫోను తీస్తే సీటు చేతిని గట్టిగా పట్టుకుంటున్నాడు. జోకు పేలకముందే పెదాలు కదుపుతున్నాడు.

"నువ్వేనా అనిరుధ్‌వి?" అంది ఆమె ఇంటర్వెల్లో, అతనికి మాత్రమే వినబడేలా.

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరికీ చెప్పకండి ఆంటీ. నిన్న రాత్రి నుంచి ఫోను ఆపేశాను. రివ్యూలంటే భయం. పొద్దున గాజువాకలో చూశాను, ఇప్పుడు ఇక్కడ. జనం ఎందుకు తక్కువగా ఉన్నారో అర్థం కావడం లేదు."

అప్పుడే చెప్పేస్తే అతను మిగతా సినిమా కూర్చోలేడు. ఆమె పల్లీల పొట్లం అతని వైపు జరిపింది. ముందు ఆఖరిదాకా చూద్దాం అంది.

ఆఖరి సీను వచ్చింది. హంతకుడు డాక్టరు కాదు. ఎవరన్నది టిక్కెట్టు కొన్నవాళ్ళ సొత్తు, కానీ డాక్టరు మాత్రం కాదు. పైగా హంతకుణ్ణి పట్టించింది ఆ డాక్టరే.

లైట్లు వెలిగాక భ్రమరాంబ పోస్టులో ఉన్న మాటలు అతనికి చెప్పింది. మధులత సంగతీ చెప్పింది. అనిరుధ్ కర్చీఫు గడ్డం కిందికి జారింది.

"డాక్టరా? అది పాత ముగింపు ఆంటీ. మొదట అలాగే తీశాను. డాక్టరు లైట్‌హౌస్ మెట్ల మీద పరిగెత్తుతాడు, పైనుంచి పడిపోతాడు. నెల కిందట ఈ హాల్లోనే ఒక పొద్దున వేసి చూసుకున్నాను. పెద్ద తెర మీద చూస్తే తేలిపోయింది. లైట్‌హౌస్ మొత్తం కోసేసి కొత్త ముగింపు తీశాను. ఇప్పుడు సినిమాలో ఎక్కడా లైట్‌హౌస్ నీడ కూడా లేదు."

"ఆ పొద్దున హాల్లో ఎవరెవరున్నారు?"

"తెలీదు. నేను పైన ఆపరేటరు గదిలో ఉన్నాను. కింద చీకట్లో కొన్ని తలలు కనబడ్డాయి." అతను ముఖం రుద్దుకున్నాడు. "మధులత ఇలాంటి పని చెయ్యదండీ. నాకు నాలుగిచ్చింది, నిజమే. కానీ నా ఎదురుగా, నా కళ్ళలోకి చూసి ఇచ్చింది."

భ్రమరాంబ లేచింది. "కర్చీఫు మళ్ళీ కట్టుకో. నేను చెప్పేదాకా ముఖం చూపించకు."

*

ఆరుకి ఇంకా కొంచెం టైముంది. బాల్కనీ బయటి వసారాలో బ్యాచి నలుగురూ కూర్చున్నారు. కృష్ణంరాజు తెల్ల కాయితం, పెన్ను పట్టుకుని వచ్చాడు, ఆయన వెనకే అర్జునరావు వచ్చాడు. స్తంభం పక్కన బెంచీ మీద ముఖానికి కర్చీఫు కట్టుకున్న కుర్రాడెవరో నిద్రపోతున్నట్టు పడుకునున్నాడు.

"సంతకం పెట్టించేద్దామండి," అన్నాడు కృష్ణంరాజు.

"తప్పకుండా. కానీ పొద్దున్నుంచీ వీళ్ళ ఫోన్లు సంచీలో చిక్కుకుపోయాయి. మార్కులయితే గానీ గంగాలమ్మగారు ఇవ్వరు. ఆ తంతు కాస్తా కానిద్దాం. అర్జునరావుగారూ, మీరూ ఒక మార్కు ఇవ్వాలి."

"నాకెందుకమ్మా ఇయన్నీ?"

"మొత్తం సూసినానన్నావు గదా బాబూ. సూసినోళ్ళు మార్కియ్యాల," అంది గంగాలమ్మ.

మధులత ముందు మొదలుపెట్టింది. "నాది ఎనిమిది. తల్లి వేషం వేసినావిడ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. రెండో పాట అక్కర్లేదు. అతని షార్ట్ ఫిల్ముకి నాలుగిచ్చాను. అది నాలుగే. ఇది ఎనిమిది."

బెంచీ మీది కుర్రాడు కొద్దిగా కదిలాడు.

"నాది ఏడు," అన్నాడు సాయిశంకర్. "షెడ్డులో వెల్డింగు సేసీవోడికి కళ్ళకి అద్దం లేదు. దానికో మార్కు కోసీసినాను. అలగ సేత్తే మావోళ్ళు సాయంత్రానికి కళ్ళు తెరవనేరు."

"ఏడున్నర," అంది నాగశ్రీ.

"ఈ పిల్లకి ఎప్పుడూ ఒక అర తగిలించందే నిద్రట్టదు," అంది గంగాలమ్మ.

"నాది చివర చెప్తాను," అంది భ్రమరాంబ. "అర్జునరావుగారూ, మీ వంతు."

అర్జునరావు సర్దుకుని కూర్చున్నాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. ముప్పై ఏళ్ళుగా సినిమాలు ఆడిస్తున్న మనిషిని ఎవరూ ఏనాడూ మార్కు అడిగినట్టు లేదు. గొంతు సవరించుకున్నాడు.

"ఏదో మా కుర్రాడని అంటే అనాలి గానీ, నాలుగుకి మించి ఇవ్వలేనమ్మా. నడకలో పట్టు లేదు. ఫస్టాఫ్ పడుకుంది. అయితే ఒకటి చెప్పాలి. ఆఖర్న ఆ లైట్‌హౌస్ మెట్ల మీద పరుగుంది చూడు, అది మాత్రం బాగా తీశాడు. కెమెరా గుండ్రంగా తిరుగుతుంటే నాకే కళ్ళు తిరిగినంత పనైంది. ఆ నాలుగూ దానికే."

సాయిశంకర్ నాగశ్రీ వైపు చూశాడు. నాగశ్రీ మధులత వైపు చూసింది. ఒకళ్ళు చెబుతున్నప్పుడు ఇంకోళ్ళు నోరు తెరవకూడదన్న పద్ధతి పెట్టిన గంగాలమ్మే దాన్ని తప్పింది.

"ఏ లైట్‌హౌసు బాబూ?"

"అదే, ఆఖర్న..."

"ఆఖర్న లైట్‌హౌసెక్కడుంది? నాను కళ్ళారా సూసినాను. బొమ్మ మొత్తంలో లైట్‌హౌసే లేదు."

బెంచీ మీద కుర్రాడు లేచి కర్చీఫు విప్పాడు. మధులత చేత్తో నోరు మూసుకుంది.

"ఆ సీను కోసేశాను సార్," అన్నాడు అనిరుధ్. "నెల కిందట ఇక్కడ వేసుకున్న పాత రీల్లో ఉంది. ఇప్పుడు లేదు."

"పేర్ల దగ్గర్నుంచి ఆఖరిదాకా హాల్లో నిలబడి చూశానన్నారు," అంది భ్రమరాంబ. "ఈ పొద్దున మీరు హాల్లో లేరు. ఉంటే ఆ లైట్‌హౌస్ కనబడేది కాదు. మీరు చూసింది పాత ముగింపు. అందులోనే చంపింది డాక్టరు. పోస్టులో ఉన్నదీ అదే డాక్టరు. మీ గదిలో, మీ కంప్యూటరులో, ఈ అమ్మాయి మూయడం మర్చిపోయిన పేజీలో, పెద్ద బొమ్మ వేసుకోడానికి సాకు కోసం రాశారు. సినిమా మారిందని మీకు తెలియదు."

అర్జునరావు ముఖం ఎర్రబడింది. "పాత రీలు చూస్తే తప్పేటి? నేనొక్కణ్ణే చూశానా? పొద్దున చూసిందీ అప్పుడు చూసిందీ కలిసిపోయింది, అంతే. రాజుగారూ, మీరు చెప్పండి."

కృష్ణంరాజు చేతిలో కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నల్ల కళ్ళద్దాలు తీశాడు. అద్దాల వెనక ఇంత మెత్తని కళ్ళుంటాయని అక్కడ ఎవరూ అనుకోలేదు.

"భ్రమరాంబగారు మధ్యాహ్నం నా వేగం మెచ్చుకున్నారు. అప్పట్నుంచీ నా బుర్రలో ఏదో గీరుతోందండి," అన్నాడు నెమ్మదిగా. "అర్జునరావుగారూ, మీరు నాకు ఫోను చేసింది పదకొండింటికి. ‘మధ్యాహ్నం మా హాల్లో ఒక కేసుంటుంది, భోజనానికి వచ్చెయ్యండి’ అన్నారు. పోస్టు పడింది పన్నెండూ నలభైకి. అప్పటికి ఇంకా జరగని నేరానికి నన్నెలా పిలిచారండి?"

అర్జునరావు ఉంగరాన్ని తిప్పుతూ ఉండిపోయాడు.

"రేపట్నుంచి వేసే పెద్ద బొమ్మ వద్దు," అంది భ్రమరాంబ. "ఇచ్చిన మాట ప్రకారం వారం ఇదే ఆడించండి. ఈ అమ్మాయికి ఇక్కడ, ఇందరి ముందు తప్పయిందని చెప్పండి. చెబితే ఆ కాయితం రాజుగారి జేబులోనే ఉండిపోతుంది. చెప్పకపోతే రాజుగారు దాని మీద మీ పేరు రాస్తారు."

"నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయండి," అన్నాడు కృష్ణంరాజు.

అర్జునరావు చెప్పాడు. గొంతు చిన్నదే గానీ అందరికీ వినబడింది. మధులత తలూపింది. ఆ తరువాత పరుగున గదిలోకి వెళ్ళి, పోస్టు తీసేసి, ఈసారి లాగౌట్ చేశానని మూడుసార్లు చెబుతూ తిరిగొచ్చింది.

"ఎనిమిదా? నిజంగా ఎనిమిదా?" అని ఆమెని ఇంకా అడుగుతూనే ఉన్నాడు అనిరుధ్.

"రెండో పాట తీసేస్తే ఎనిమిదిన్నర," అంది నాగశ్రీ మధ్యలో.

కృష్ణంరాజు భ్రమరాంబ పక్కకి జరిగాడు. "ఇంతకీ చంపిందెవరండి?"

"మీరు సూసినారా?" అన్నారు నలుగురూ ఒక్కసారిగా.

ఆయన కాసేపు వాళ్ళందరి ముఖాలూ చూశాడు. కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని, టిక్కెట్టు కౌంటరు వైపు మెట్లు దిగాడు.

"నాది తొమ్మిది," అంది గంగాలమ్మ, ఎర్ర సంచీ మీంచి ఎట్టకేలకు లేస్తూ. "ఆ ఒకటీ దాసినాను. ఈ గుంటడు రెండో బొమ్మ తియ్యాల గదా. ఇంక నువ్వు సెప్పు సెల్లీ. సివర సెప్తానన్నావు."

భ్రమరాంబ పర్సు తెరిచింది. రెండు టిక్కెట్లూ ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్నాయి.

"నాది ఏడు," అంది. కొంచెం ఆగి, "పక్క సీటుది ఎనిమిది," అంది.

పక్క సీట్లో కూర్చున్నది తనే కదా అని అనిరుధ్ ఏదో అనబోయాడు. గంగాలమ్మ అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"రెండూ ఎయ్యే మధూ," అంది.